చూసి రావడం వేరు, ఉండిపోవడం వేరు: యూరప్ వీసాల చిక్కుముడి ఎక్కడ పడుతోంది

అమ్మానాన్నల్ని ఆరు నెలలు మా దగ్గర ఉంచుకోవచ్చా? విజిట్ వీసా మీద వెళ్లి అక్కడే ఉద్యోగం చూసుకుంటే దాన్ని వర్క్ వీసాగా మార్చేస్తారా? జర్మనీలో చదువుతున్నవాడు వారాంతానికి పారిస్ వెళ్లాలంటే మళ్లీ వీసా కావాలా? వాట్సాప్ గ్రూపుల్లో ఈ ప్రశ్నలు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. జవాబులు కూడా బోలెడు వస్తాయి. అందులో సగం పాత నిబంధనలు, సగం అమెరికా వీసా అనుభవంతో చెప్పే మాటలు. దానికి తోడు ఇప్పుడు సరిహద్దుల్లో కొత్త కంప్యూటర్ వ్యవస్థ వచ్చింది, దాంతో టెన్షన్ ఇంకా పెరిగింది.

నా ఉద్దేశంలో ఈ గందరగోళం చాలావరకు ఒక్కచోట మొదలవుతోంది. యూరప్ వీసా అని మనం ఒకటే మాట వాడేస్తాం గానీ దాని కింద రెండు వేర్వేరు చట్టాలున్నాయి. 90 రోజుల లోపు చూసి రావడానికి వెళ్తే అది షెంగెన్ దేశాలన్నిటికీ ఉమ్మడి చట్టం. అంతకు మించి ఉండాలంటే, అంటే చదువుకో ఉద్యోగానికో కాపురానికో అయితే, అది ఏ దేశానికి ఆ దేశం సొంతంగా రాసుకున్న చట్టం. మొదటిదాన్ని సీ వీసా అంటారు, రెండోదాన్ని డీ వీసా, లేదా నేషనల్ వీసా అంటారు. ఏ ప్రశ్న వచ్చినా ముందు అది ఈ రెంటిలో ఎటువైపుదో తేల్చుకుంటే సగం చిక్కు అక్కడే విడిపోతుంది. డీ వైపు ఏ దేశం కథ ఆ దేశానిదే కాబట్టి, మన పిల్లలు పెద్ద సంఖ్యలో వెళ్తున్న జర్మనీని ఉదాహరణగా తీసుకుంటాను.

షెంగెన్ అంటే ఏ దేశాలు

లక్సెంబర్గ్‌లోని షెంగెన్ అనే చిన్న ఊరి దగ్గర 1985లో కుదిరిన ఒప్పందం ఇది. ఇప్పుడు అందులో 29 దేశాలున్నాయి. క్రొయేషియా 2023 జనవరి 1న చేరింది. రొమేనియా, బల్గేరియా 2024లో విమాన, సముద్ర మార్గాల వరకు, 2025 జనవరి 1 నుంచి పూర్తిగా కలిశాయి. ఈ దేశాల మధ్య మామూలుగా పాస్‌పోర్ట్ తనిఖీ ఉండదు. కొన్ని దేశాలు అప్పుడప్పుడు తాత్కాలికంగా తనిఖీలు పెడుతుంటాయి, జర్మనీ కూడా పెట్టింది, కాబట్టి రైల్లో వెళ్తున్నా పాస్‌పోర్ట్ జేబులో ఉండాల్సిందే.

యూరోపియన్ యూనియన్, షెంగెన్ రెండూ ఒకటి కావు. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీక్టన్‌స్టైన్ యూనియన్‌లో లేవు గానీ షెంగెన్‌లో ఉన్నాయి. ఐర్లాండ్, సైప్రస్ యూనియన్‌లో ఉన్నా షెంగెన్‌లో లేవు. బ్రిటన్ రెంటిలోనూ లేదు. లండన్ వీసా ఉంది కదా, పారిస్ కూడా చూసొద్దాం అనుకుంటే కుదరదు.

స్టిక్కర్ మీద చదవాల్సిన మూడు గడులు

పాస్‌పోర్ట్‌లో అతికించిన వీసా స్టిక్కర్‌ను చాలామంది తేదీలు చూసి మూసేస్తారు. అందులో మూడు విషయాలు కలిపి చదవాలి. ఒకటి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో. రెండు, ఎన్నిసార్లు లోపలికి వెళ్లొచ్చో. అక్కడ 01 అని ఉంటే ఒక్కసారే, MULT (మల్టిపుల్) అని ఉంటే ఎన్నిసార్లయినా. మూడు, ఎన్ని రోజులు ఉండొచ్చో. పది రోజుల టూర్‌కి అప్లై చేసినవాళ్లకు తేదీల మధ్య 25 రోజుల గడువిచ్చి, ఉండే రోజుల గడిలో 10 అని రాయడం మామూలే. ప్రయాణం అటూ ఇటూ జరిగితే ఇబ్బంది పడకుండా ఆ పదిహేను రోజులు అదనంగా ఇస్తారు. అంతే తప్ప 25 రోజులు ఉండమని కాదు. పదకొండో రోజు అక్కడ ఉంటే, స్టిక్కర్ తేదీ ఇంకా మిగిలి ఉన్నా సరే, అది ఓవర్‌స్టే కిందకే వస్తుంది.

ఇక రెండేళ్ల మల్టిపుల్ వీసా మీద 90 అని ఉంటే రెండేళ్లకీ కలిపి 90 రోజులే అని కొందరు కంగారు పడతారు, ఒక్కో ట్రిప్పుకి 90 అని ఇంకొందరు ధీమాగా ఉంటారు. రెండూ తప్పే. అది ఏ 180 రోజుల్లోనైనా 90 అని.

90/180 లెక్క, తేదీలతో సహా

ఈ నిబంధన దగ్గరే ఎక్కువమంది తప్పులో కాలేస్తారు. 180 రోజులు అనగానే జనవరి నుంచి జూన్ ఒక భాగం, జూలై నుంచి డిసెంబర్ ఇంకో భాగం అనుకుంటారు. అలాంటి స్థిరమైన భాగాలేమీ లేవు. మీరు అక్కడ ఉన్న ప్రతి రోజూ, ఆ రోజుతో కలిపి వెనక్కి 180 రోజులు చూస్తారు. ఆ 180లో మీరు షెంగెన్‌లో గడిపిన రోజులు 90 దాటకూడదు. దిగిన రోజూ లెక్కే, బయల్దేరిన రోజూ లెక్కే.

గుంటూరు నుంచి ఒక జంట మల్టిపుల్ వీసాతో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లారనుకుందాం. 2026 మార్చి 1న దిగారు, ఏప్రిల్ 29న తిరిగి బయల్దేరారు. మార్చిలో 31, ఏప్రిల్‌లో 29, మొత్తం 60 రోజులు. కూతురి డెలివరీ టైముకి జూలై 1న మళ్లీ వెళ్లారు. జూలై 1 నుంచి వెనక్కి లెక్కేస్తే 180 రోజులు జనవరి 3 దాకా వెళ్తాయి, అందులో ఆ పాత 60 రోజులూ ఉన్నాయి. కాబట్టి మిగిలింది 30 రోజులే. జూలై 30న విమానం ఎక్కేయాలి. 31న కూడా అక్కడే ఉంటే 91 అవుతుంది. మనవడో మనవరాలో పుట్టి నెల తిరక్కుండానే, బాలింత దగ్గర మనిషి అవసరం ఉన్నప్పుడే అమ్మమ్మ వెనక్కి రావాలి.

అదే జంట మధ్యలో ఎక్కడికీ వెళ్లకుండా ఆగస్టు 28న వెళ్తే కథ వేరుగా ఉంటుంది. ఆ రోజు నుంచి వెనక్కి చూస్తే లెక్క మార్చి 2 దగ్గర మొదలవుతుంది, అంటే మార్చి 1 జారిపోయింది. తర్వాత రోజు మార్చి 2 జారిపోతుంది. అక్కడ ఒక రోజు గడుస్తుంటే ఇక్కడ ఒక పాత రోజు లెక్కలోంచి పోతూ ఉంటుంది. అలా అక్టోబర్ 26 నాటికి పాత 60 రోజులూ మొత్తం చెరిగిపోతాయి. వాళ్లు నవంబర్ 25 వరకు, పూర్తిగా 90 రోజులు ఉండొచ్చు. వీసా అదే, మనుషులూ వాళ్లే, తేదీ మారేసరికి 30 రోజులు కాస్తా 90 అయ్యాయి.

మధ్యలో నాలుగు రోజులు లండన్ వెళ్లొస్తే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందా అని అడుగుతుంటారు. కాదు. బయట ఉన్న ఆ పూర్తి రోజులు లెక్కలో పడవు, అంతవరకే. జర్మనీ నుంచి స్విట్జర్లాండ్‌కి మారితే అదీ ఉండదు, ఎందుకంటే 29 దేశాలకూ కలిపి ఒకటే ఖాతా.

ఏ దేశానికి అప్లై చేయాలి

ఎక్కువ రోజులు ఎక్కడుంటే ఆ దేశానికి. రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. పారిస్‌లో 4 రోజులు, స్విట్జర్లాండ్‌లో 3, మ్యూనిక్‌లో 2 అయితే ఫ్రాన్స్‌కే అప్లై చేయాలి, విమానం ముందు మ్యూనిక్‌లో దిగినా సరే.

రూల్ ఇంత తేలికగా ఉన్నా ఎండాకాలం సెలవులొచ్చేసరికి స్లాట్లు దొరకవు. అప్పుడు ఏ దేశానికి అపాయింట్‌మెంట్ దొరికితే ఆ దేశానికి వేసేసి, హోటల్ బుకింగులు దానికి తగ్గట్టు పెట్టి, తర్వాత క్యాన్సిల్ చేసుకోమని చెప్పే ఏజెంట్లున్నారు. వీసా వచ్చాక షెంగెన్ అంతా తిరగొచ్చు కదా అన్నది వాళ్ల వాదన. తిరగొచ్చు, నిజమే. కానీ సరిహద్దు అధికారి బుకింగులు అడిగి చూసి, వీసా ఇచ్చిన దేశంలో ఒక్క రాత్రి కూడా లేదని తేలితే, తప్పుడు వివరాలతో తీసుకున్న వీసా అని రద్దు చేసే అధికారం ఆయనకుంది. అందరికీ అలా జరగదు. జరిగినవాళ్ల పేరు మీద మాత్రం ఆ రికార్డు ఉండిపోతుంది.

ఫీజు 2024 జూన్ 11 నుంచి పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45, అంతకంటే చిన్నవాళ్లకు లేదు. కాన్సులేట్ల తరఫున దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ లాంటి సంస్థల సర్వీస్ చార్జీ దీనికి అదనం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అవసరమైతే 45 వరకు తీసుకోవచ్చు. మెడికల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. హైదరాబాద్‌లో మన కాగితాలు తీసుకునే వీఎఫ్‌ఎస్ కౌంటర్‌కి వీసా ఇచ్చే అధికారం గానీ ఆపే అధికారం గానీ లేదు, నిర్ణయం కాన్సులేట్‌దే.

సరిహద్దులో వచ్చిన కొత్త వ్యవస్థ

2025 అక్టోబర్ 12న ఈఈఎస్ అనే ఎంట్రీ-ఎగ్జిట్ వ్యవస్థ మొదలైంది. దశలవారీగా పెంచుకుంటూ 2026 ఏప్రిల్ 10 నాటికి అన్ని సరిహద్దుల్లోనూ పూర్తిగా నడవాలన్నది షెడ్యూలు. పాస్‌పోర్ట్ మీద ముద్ర కొట్టే బదులు వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ, ముఖం ఫోటో కంప్యూటర్‌లోకి వెళ్తాయి. ఇది కొత్త అనుమతి కాదు, దీనికి ముందుగా అప్లై చేసేదీ ఏమీ లేదు. మారిందల్లా ఒకటే: ముద్రల తేదీలు సరిగ్గా కనపడక, అధికారి వేళ్ల మీద లెక్కపెట్టక, ఒకటి రెండు రోజులు తేడా ఉన్నా బయటపడిపోయే రోజులు పోయాయి. పైన చెప్పిన లెక్క ఇకపై యంత్రమే వేస్తుంది. అక్కడ రెసిడెన్స్ పర్మిట్ లేదా డీ వీసాతో ఉంటున్నవాళ్లు దీని పరిధిలోకి రారు.

దీంతో కలిపి ఈటియాస్ అనే ఇంకో పేరు వినిపిస్తోంది. అది వీసా అక్కర్లేని దేశాలవాళ్లు ప్రయాణానికి ముందు ఆన్‌లైన్‌లో తీసుకోవాల్సిన అనుమతి, 2026 చివర్లో మొదలుపెడతామంటున్నారు. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు దాంతో పని లేదు, మనకు వీసాయే కావాలి. అమెరికా సిటిజన్‌షిప్ తీసుకున్న తెలుగువాళ్లకు ఈటియాస్ వర్తిస్తుంది. గ్రీన్ కార్డ్ ఉండి పాస్‌పోర్ట్ ఇంకా ఇండియాదే అయితే షెంగెన్ వీసా తప్పదు. ఒకే ఇంట్లో భార్యకు ఒకటి, భర్తకు ఇంకోటి కావాల్సి వచ్చేది అందుకే.

రిజెక్షన్ మీద రెండు వాదనలు

2024లో భారతీయులు పెట్టిన షెంగెన్ దరఖాస్తులు దాదాపు 11 లక్షలు. తిరస్కరించినవి 1.65 లక్షలు, అంటే నూటికి పదిహేను. ఫీజు వెనక్కి రాదు.

తిరస్కరించినప్పుడు పాస్‌పోర్ట్‌తో పాటు ఒక ముద్రించిన ఫారం ఇస్తారు. వరసగా కారణాలు, పక్కన గడులు, మీకు వర్తించేదాని దగ్గర గుర్తు. మనవాళ్లకు తరచుగా కనపడేవి రెండు: ప్రయాణ ఉద్దేశం గురించి ఇచ్చిన సమాచారం నమ్మదగినట్టు లేదు అనేది ఒకటి, వీసా గడువులోగా తిరిగి వెళ్తారన్న విషయంలో సందేహం ఉంది అనేది రెండోది. ఏ కాగితం చూసి నమ్మలేదో, ఎందుకు సందేహం వచ్చిందో అందులో పెద్దగా ఉండదు. ముప్పై ఏళ్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి, సొంతిల్లు, పెన్షన్ ఉన్న మనిషి, వెనక్కి రారేమోనని రాసిన కాగితం చదువుకోవడం చాలా అవమానంగా ఉంటుంది. ఆ బాధ న్యాయమైనదే.

కాన్సులేట్ల వైపు నుంచి చూస్తే, ఒక్కో ఫైలుకు దొరికేది కొద్ది సమయం, ఇంటర్వ్యూ చాలాసార్లు ఉండదు, నకిలీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఉత్తుత్తి హోటల్ బుకింగులు నిజంగానే వస్తుంటాయి. చట్టం ప్రకారం తిరిగి వస్తానని నిరూపించుకోవాల్సింది దరఖాస్తుదారే. అయితే పక్క మనిషి దొంగ కాగితాలు పెట్టాడని నిజాయితీగా పెట్టినవాళ్లను అదే అనుమానంతో చూడటం, దానికి కారణం కూడా వివరంగా చెప్పకపోవడం సరికాదనే నేననుకుంటాను. పైగా జర్మనీ 2025 జూలై 1 నుంచి, తిరస్కరించిన ఆఫీసుకే ఉచితంగా అభ్యంతరం రాసే పాత పద్ధతిని ప్రపంచమంతటా ఎత్తేసింది. ఇప్పుడు మిగిలిన దారులు మళ్లీ కొత్తగా అప్లై చేయడం, లేదా బెర్లిన్ కోర్టులో కేసు వేయడం.

ఇదే వ్యవస్థలో మనకు అనుకూలంగా వచ్చిన మార్పూ ఉంది. 2024 ఏప్రిల్ 18న యూరోపియన్ కమిషన్ భారత్‌లో ఉండే భారతీయులకు క్యాస్కేడ్ పద్ధతి తెచ్చింది. గత మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు తీసుకుని సక్రమంగా వాడినవాళ్లకు రెండేళ్ల మల్టిపుల్ వీసా, ఆ తర్వాత పాస్‌పోర్ట్ గడువు సరిపడా ఉంటే ఐదేళ్లది.

ఉండటానికి వెళ్తే: జర్మనీ చదువు

ఇక డీ వైపు. ఇక్కడ 90/180 లేదు, క్యాస్కేడ్ లేదు, ఫీజు కూడా వేరే, 75 యూరోలు. వీసా అనేది లోపలికి వెళ్లడానికి ఇచ్చే తాత్కాలిక అనుమతి మాత్రమే. అక్కడికి చేరాక ఇల్లు దొరికిన రెండు వారాల్లో ఊళ్లో అడ్రస్ నమోదు చేయించుకుని, విదేశీయుల కార్యాలయంలో రెసిడెన్స్ పర్మిట్ తీసుకోవాలి.

వరంగల్ నుంచి ఎంఎస్‌కి వెళ్లే కుర్రాడి సంగతి చూద్దాం. 2022 నవంబర్ నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి, మన మార్కుల జాబితాలు అసలువేనని తేల్చే పరిశీలన అది. తర్వాత, అక్కడి ఖర్చులకు డబ్బుందని చూపించడానికి, బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేయాలి. మన డబ్బులో దాదాపు పన్నెండు లక్షలు. ఇది ఫీజు కాదు, ఎవరికీ కట్టేదీ కాదు, మన డబ్బే నెలకు 992 యూరోల చొప్పున మనకు తిరిగొస్తుంది. అందుకే ఆ మొత్తాన్ని ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి చూపించి, చేరగానే తిరిగిచ్చేద్దామనుకుంటే బతకడానికి చేతిలో ఏమీ ఉండదు. 992 అన్నది సర్కారు కనీస లెక్క. మ్యూనిక్‌లో అద్దెలు చూస్తే అది సరిపోవడం కష్టం.

ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదన్నది నిజమే గానీ అంతటా కాదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనలాంటివాళ్లకు సెమిస్టర్‌కి 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 చలికాలం సెమిస్టర్ నుంచి వసూలు చేస్తోంది. చదువుకుంటూ ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేయొచ్చు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు.

ఉద్యోగం ఉన్నవాళ్లకు, వెతుక్కునేవాళ్లకు

చేతిలో ఆఫర్ ఉంటే బ్లూ కార్డ్, అంటే డిగ్రీ ఉన్న ఉద్యోగులకిచ్చే రెసిడెన్స్ పర్మిట్. డిగ్రీకి అక్కడ గుర్తింపు ఉండాలి, జీతం ఒక హద్దు దాటాలి. 2026కి ఆ హద్దు ఏడాదికి 50,700 యూరోలు, ఐటీ లాంటి కొరత వృత్తులవాళ్లకు, అలాగే కొత్తగా డిగ్రీ అయినవాళ్లకు సుమారు 45,934. ఇది ఏటా మారుతుంది, 2025లో 48,300 ఉండేది. బీ1, అంటే మధ్యస్థాయి జర్మన్ వస్తే 21 నెలలకే శాశ్వత నివాసం అడగొచ్చు, ఏ1, అంటే మొదటి మెట్టు మాత్రమే వస్తే 27 నెలలు.

ఆఫర్ లేకుండా వెళ్లి వెతుక్కునే దారి 2024 జూన్ 1న వచ్చింది, ఛాన్సెన్‌కార్టె, అంటే అవకాశ కార్డు. గుర్తింపున్న డిగ్రీ, ఏ1 జర్మన్ లేదా బీ2, అంటే బీ1 కంటే ఒక మెట్టు పై స్థాయి ఇంగ్లీష్ ఉండాలి. ఆపైన కనీసం 6 పాయింట్లు కావాలి. విజయవాడలో బీటెక్ చేసి ఐదేళ్లుగా అదే రంగంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న 29 ఏళ్ల అమ్మాయికి 35 లోపు వయసుకి 2, గత ఏడేళ్లలో ఐదేళ్ల అనుభవానికి 3, కొరత వృత్తికి 1, మొత్తం 6. జర్మన్ ముక్క రాకపోయినా అర్హత వచ్చేసింది. కాగితం మీద.

ఎందుకంటే ఆ కార్డు ఇచ్చేది ఏడాది టైము, వారానికి 20 గంటల పార్ట్‌టైమ్ పని. ఆ ఏడాదికి నెలకు 1,091 యూరోల చొప్పున డబ్బు ముందే చూపించాలి. దీన్ని సమర్థించేవాళ్లు, మనుషుల్లేక జర్మనీ కంపెనీలు ఇబ్బంది పడుతున్నాయని, నైపుణ్యం ఉన్న భారతీయులకిచ్చే వీసాలను ఏడాదికి 20,000 నుంచి 90,000కి పెంచుతామని 2024లో ఆ ప్రభుత్వమే ప్రకటించిందని గుర్తుచేస్తారు. విమర్శించేవాళ్లు, వీసా తేలికైనంత మాత్రాన ఇంటర్వ్యూలో భాష అడగడం మానరు కదా అంటారు. రెండూ నిజమే. పాయింట్ల పట్టికలో జర్మన్ అవసరం లేకపోవడానికీ, ఉద్యోగాల మార్కెట్లో అవసరం లేకపోవడానికీ చాలా దూరం ఉంది, కన్సల్టెన్సీ ప్రకటనలు ఆ దూరాన్ని చెప్పవు.

రెండు చట్టాలు కలిసేచోట

జర్మనీ పర్మిట్ ఉన్న విద్యార్థి పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లడానికి వేరే వీసా అక్కర్లేదు. జర్మనీలో ఉన్న రోజులు లెక్కలోకి రావు. మిగతా షెంగెన్ దేశాలన్నిటిలో కలిపి మాత్రం 180లో 90 రోజుల హద్దు ఉంటుంది. తిరగడానికే, అక్కడ ఉద్యోగం చేయడానికి కాదు.

విజిట్ వీసా మీద వెళ్లి దాన్ని అక్కడే చదువు లేదా ఉద్యోగం పర్మిట్‌గా మార్చుకోవడం మామూలుగా కుదరదు. వెనక్కి వచ్చి సరైన డీ వీసాతో వెళ్లాలి. మినహాయింపులు బాగా ఇరుకైనవి. 90 రోజులు అయ్యాక పొడిగించడం కూడా ఆస్పత్రిలో చేరడం లాంటి గట్టి కారణాలకే.

తల్లిదండ్రులను చూడటానికి పిలిపించుకోవాలంటే కొడుకో కూతురో అక్కడి కార్యాలయంలో జీతం చూపించి, ఖర్చంతా మాదేనని హామీపత్రం తీసుకోవచ్చు, 29 యూరోలు. అది డబ్బు ప్రశ్నకు జవాబు మాత్రమే, తిరిగి వస్తారా అన్న సందేహానికి కాదు. అందుకే అది జత చేసినా రిజెక్ట్ అయినవాళ్లు ఉంటారు.

శాశ్వతంగా తెచ్చుకోవడానికీ ఒక దారి తెరిచారు. నైపుణ్య ఉద్యోగులుగా 2024 మార్చి 1న గానీ ఆ తర్వాత గానీ మొదటిసారి పర్మిట్ పొందినవాళ్లు తమ తల్లిదండ్రులను, జీవిత భాగస్వామి కూడా అక్కడే ఉంటుంటే అత్తమామలను కూడా, డీ వీసా మీద పిలిపించుకోవచ్చు. అంతకుముందే వెళ్లి స్థిరపడినవాళ్లకు ఇది వర్తించదు, వాళ్లలో చాలామందికి దీని మీద కోపం ఉంది. అర్హత ఉన్నవాళ్లకు అడ్డొచ్చేది హెల్త్ ఇన్సూరెన్స్. ట్రావెల్ పాలసీ చాలదు, అక్కడి చట్టానికి సరిపోయే పూర్తి కవరేజీ, గడువు లేకుండా ఉండేది కావాలి. అరవై దాటి, బీపీ షుగర్ ఉన్న మనిషిని కొత్తగా చేర్చుకునే కంపెనీ దొరకడం, దొరికినా ఆ ప్రీమియం ఒక జీతం మీద నెలనెలా కట్టడం, చాలా ఇళ్లలో ఫైలు ఆగిపోతున్నది ఇక్కడే.